చేదు నాది, వగరు దానిది

ఫిబ్రవరి 2, సోమవారం

పొద్దున్నే అత్తగారు బాంబు పేల్చారు. టీలో రొట్టెముక్క ముంచుకుంటూ, వాన వచ్చేలా ఉంది అన్నంత మామూలుగా అన్నారు: "నా నడుము ఇక మాట వినదే. ట్యాంకుల గది మీ ఇద్దర్లో ఎవరో ఒకరికి అప్పజెప్పేస్తాను."

ఇద్దర్లో ఎవరో ఒకరికట! ఈ బీరు షెడ్డులోకి నేను పెళ్ళై వచ్చిన ఏడాదే దిగాను. బార్లీ మాల్టు బస్తాలు ఎత్తాను, ట్యాంకుల్లోకి దూరి అడుగు తోమాను, వేడినీళ్ళకి చేతులు కాల్చుకున్నాను. ఆ ద్రాక్షమ్మ వచ్చి నిండా రెండేళ్ళు కాలేదు. మరిది దాన్ని ఏదో వైన్ చేసే ఇంటినుంచి కట్టుకొచ్చాడు. అప్పట్నుంచీ నాకో తోడికోడలు, షెడ్డుకి ద్రాక్షతొక్కల కంపు.

పద్ధతి కూడా ఆవిడే చెప్పారు. మే నెలలో, షెడ్డు మొదటిసారి తెరిచిన రోజు వస్తుంది కదా, ఆ రోజు ఇద్దరి బీరూ రుచి చూస్తారట. నచ్చినదాని చేతిలో గది తాళంచెవి పెడతారట. రెండోది ముందు కౌంటర్లో నిలబడి వచ్చినవాళ్ళకి గ్లాసులు నింపుకుంటూ ఉండాలి.

"ఇద్దరం కలిసి చేసుకుంటాంలెండి అత్తయ్యా" అంది ద్రాక్షమ్మ, నోట్లో వెన్న పెట్టుకున్నట్టు.

"ఒక గదిలో ఇద్దరాడవాళ్ళు వద్దు. నేను మా అత్తతో చేసి చూశాను" అన్నారు అత్తగారు.

ఆవిడ చెప్పిన మాట నాకు మొదటిసారి నచ్చింది.

ఫిబ్రవరి 5

ఈ రోజు ద్రాక్షమ్మగారి ప్రదర్శన. వైన్ పట్టిన పాత చెక్క పీపాలు నాలుగు పుట్టింటినుంచి తెప్పించుకుంది కదా, మామూలు బీరులో ద్రాక్షరసమూ తొక్కలూ కలిపి వాటిలో పోసి మూల పడుకోబెట్టింది. బిరడా పీకి, గొట్టంతో పీల్చి, అందరికీ తలా ఇంత పోసింది. వేటిలో? వైన్ తాగే కాడ గ్లాసుల్లో! బీరుకి కాడ గ్లాసు! నా ఒళ్ళు మండిపోయింది.

"ముందు వాసన చూడండి" అంది. ఎవరికి చెబుతోంది? నా ముక్కుకి దీని పాఠాలు కావాలా?

రంగు దానిమ్మగింజల రంగు. నురుగు ఇట్టే వచ్చి ఇట్టే పోయింది. నురుగు నిలవనిది బీరేమిటి? నోట్లో పోసుకుంటే మొదట పులుపు, తర్వాత ద్రాక్ష, ఆ తర్వాత పాత బీరువా తలుపు తీస్తే వచ్చే చెక్కవాసన. మింగేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది.

"చేదు ఏదీ? బీరన్నాక చేదుండాలి" అన్నాను.

"చేదెందుకక్కా? వగరుంది కదా. వైన్‌లో ఉండేది అదే. చేదు ఒక్కచోట తగిలి పోతుంది, వగరు నోరంతా పట్టుకుంటుంది."

"దాన్ని వగరనరు, పొగరంటారు."

మా ఆయన కిసుక్కుమన్నాడు. మరిది కాడ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. అత్తగారు మాత్రం కళ్ళు మూసుకుని రెండో గుక్క తాగారు. నా బీరుకి ఎప్పుడూ ఒక్కటే గుక్క. "బాగుందే" అంటారు, గ్లాసు కింద పెడతారు, వేరే మాటల్లో పడతారు.

"ఏదో తక్కువైందే చిన్నదానా" అన్నారు చివరికి. "మొదలు బాగుంది. చివరికొచ్చేసరికి ఏమీ లేదు. గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయిన చుట్టంలా ఉంది."

నాకు పండగ చేసుకోవాలనిపించింది.

పచ్చి అరటికాయ కోసిన చాకు నాకినట్టుంది, అంతకంటే ఏమీ లేదు. గ్లాసు మొత్తం తాగాను గానీ, దాహం వేసి తాగాను.

ఫిబ్రవరి 6

దాని నవ్వు నాకు నచ్చదు.

ఫిబ్రవరి 11

దాని పుట్టింట్లో ద్రాక్ష కోతలట. చేతులు చాలడంలేదని అన్న కబురు పెట్టాడట. ఏప్రిల్ మొదట్లోగానీ రాదు. మరిది కూడా బ్యాగు సర్దుకున్నాడు. పోతే పోనీ, ఇల్లు కాస్త ఖాళీగా ఉంటుంది.

వెళ్ళేముందు నా దగ్గరికి వచ్చింది. నేను గొట్టాలు కడుగుతున్నాను, తల ఎత్తలేదు.

"అక్కా, ఒక్క సాయం చెయ్యాలి. పీపా చెక్క తాగేస్తుంది, కొంచెం కొంచెం తగ్గిపోతుంది. పైన ఖాళీ పడిందంటే గాలి చేరి పులిసి సిరకా, అదే వెనిగర్, అయిపోతుంది. వారానికోసారి అంచుదాకా నింపాలి. నింపడానికి ఆ మూల చిన్న పీపాలో అదే బీరు వేరే ఉంచాను. శుక్రవారం శుక్రవారం చూస్తావా?"

అసలు పీపాలు నింపాలని నాకు తెలీదనుకుందా! చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది.

సరే అన్నాను.

సరే అంటే చేస్తానని కాదు. విన్నానని.

ఫిబ్రవరి 13, శుక్రవారం

నా బీరు ట్యాంకులోకి దించాను. చేదు తెచ్చే హాప్స్ పువ్వులు ఈసారి మంచివి దొరికాయి, గిచ్చితే చెయ్యంతా వాసన. రోజంతా తీరిక లేదు.

ఫిబ్రవరి 20, శుక్రవారం

తీరిక లేదు.

ఫిబ్రవరి 22

మా ఆయన అన్నం తింటూ అడిగాడు, "చిన్నమ్మాయి ఏదో నింపమందటగా?"

"ఎవరు చెప్పారు?"

"తమ్ముడు ఫోన్ చేశాడు."

చూశారా, మొగుడిచేత అడిగిస్తోంది. నాతో మాట్లాడితే దాని నోట్లో ముత్యాలు రాలిపోతాయి కాబోలు.

ఇంతకీ నేనేం చేశాను? ఏమీ చెయ్యలేదు. ఏమీ చెయ్యకపోవడం కూడా తప్పేనా? ఆ పీపాలు కోరి తెచ్చుకున్నదెవరు? నేనా? చెక్క తాగేస్తుందని తెలిసీ చెక్కలో ఎందుకు పోసింది? స్టీలు ట్యాంకు ఒక్క చుక్క తాగదు. నా బీరు ఎక్కడ పెడితే అక్కడ ఉంటుంది, ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు.

ఫిబ్రవరి 27, శుక్రవారం

ఆ మూలకి చీపురుకోసం వెళ్ళాను. చీపురుకోసమే వెళ్ళాను.

వెళ్ళినదాన్ని ఊరికే ఉండక మొదటి పీపా మీద వేలి కణుపుతో కొట్టాను. నిండు పీపా మొద్దుగా పలుకుతుంది. ఇది పైన డొల్లగా మోగింది. రెండోది ఇంకా డొల్ల. బిరడా తీసి ముక్కు పెట్టాను. ద్రాక్ష ఉంది, చెక్క ఉంది, వాటి వెనక సన్నగా, గోళ్ళరంగు సీసా మూత తీసినట్టు, ఘాటు. సిరకా ఇంకా కాలేదు గానీ, ఆ దారి పట్టింది.

బిరడా పెట్టేసి వచ్చేశాను. నాకేం సంబంధం?

అన్నం సయించలేదు. ఆ వాసన ముక్కులోంచి పోదే! ఎవరి బీరైతేనేం, బీరు బీరే కదా. కళ్ళముందు చచ్చిపోతుంటే ఎలా కూర్చుంటాం?

ఫిబ్రవరి 28

పొద్దున్నే వెళ్ళాను. చిన్న పీపా లేదు.

మా ఆయన్ని పట్టుకుంటే తాపీగా చెప్పాడు: "ఓ, అదా? ఖాళీదనుకుని అడుగున ఉన్నదేదో పారబోసి కడిగించేశాను. వీధి చివర దుకాణం ఆయన పీపా కావాలంటే ఇచ్చేశాను."

"అడుగున ఉన్నదేదో ఏమిటండీ! సగం పైన ఉండాలి!"

"ఉందేమో. నాకేం తెలుసు? చేదుగా లేదు, పాడైందనుకున్నా."

ఈ మనిషితో నేను కాపురం చేస్తున్నాను.

మరి నింపడానికి ఏముంది? నా బీరుంది. నా చేదు బీరు.

నవ్వొచ్చింది. నిజంగా పైకే నవ్వాను. నా చేదు తీసుకెళ్ళి దాని వగరులో పోస్తే? వైన్‌లా ఉండాలని కదా దాని ముచ్చట? పోస్తే ముచ్చట తీరుతుంది. మేలో అత్తగారు గుక్క తాగి మొహం వికారంగా పెడితే, అప్పుడు చూడాలి ద్రాక్షమ్మ మొహం. నేను నింపలేదని ఎవరూ అనలేరు. నింపాను కదా!

నాలుగు పీపాలూ అంచుదాకా నింపాను. పాడుచెయ్యాలనే నింపాను.

మార్చి 6, శుక్రవారం

గొట్టంతో కొంచెం పీల్చి చూశాను. ఎంతవరకు పాడైందో తెలియాలి కదా.

ఘాటు ఆగింది. కానీ చేదూ వగరూ కలవలేదు. రెండూ ఒకే గదిలో చెరోవైపు మొహం తిప్పుకు కూర్చున్నాయి. కొత్త ట్యాంకు బీరు పోశాను కదా, అది మరీ కోస్తోంది. నెమ్మదిగా ఉండే పాత ట్యాంకుది సగం కలిపి ఈసారి పోశాను.

పాడుచెయ్యడానికి కూడా ఒక పద్ధతుండాలి. మరీ చేదైతే మొదటి గుక్కకే అనుమానం వస్తుంది.

మార్చి 13, శుక్రవారం

మూడో పీపా మిగతావాటికంటే పుల్లగా ఉంది. దానికి పాతది ఎక్కువ పోశాను. నాలుగోదాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు, బాగుంది. బాగుంది అంటే, చాలినంత పాడైందని.

మార్చి 16

శుక్రవారం కాదు. అయినా వెళ్ళాను. మూడోది ఎలా ఉందో అని.

మార్చి 20, శుక్రవారం

మా ఆయన అడిగాడు, "ఏమిటోయ్, ఆ పీపాల చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నావు? చిన్నమ్మాయి మీద అంత ప్రేమ ఎప్పుడు పుట్టుకొచ్చింది?"

"మీరు పారబోసిన దానికి నేను గొడ్డుచాకిరీ చేస్తున్నాను" అన్నాను. దెబ్బకి నోరు మూశాడు.

ఎంత పోశానో ఎక్కడా రాయడంలేదు. ఇక్కడ కూడా రాయను. చేతికి తెలుసు, చాలు.

మార్చి 27, శుక్రవారం

కలిశాయి.

ఏప్రిల్ 4

వచ్చింది. ఎండకి నల్లబడి, చేతులనిండా గీతలతో వచ్చింది. చెప్పులైనా విప్పకుండా తిన్నగా పీపాల దగ్గరికి పోయింది. నేను గది అవతలివైపు ఆ రోజే అంత అవసరమైన పని ఇంకోటి లేనట్టు థర్మామీటరు తుడుస్తున్నాను.

కణుపుతో కొట్టింది. చెవి పెట్టింది. గొట్టంతో పీల్చి నోట్లో పోసుకుంది. కదలకుండా అలాగే నిలబడింది. నేను తుడిచిన థర్మామీటరు మళ్ళీ నీళ్ళలో ముంచాను. ఎందుకంత కంగారు? దొంగతనం చేశానా?

"నింపావా అక్కా?" అంది.

"సరే అన్నాను కదా!"

నా మొహంలోకి చూసింది. నేనూ చూశాను. దేంతో నింపావని అడుగుతుందనుకున్నాను. అడిగితే కడిగిపారేద్దామని మాటలన్నీ సిద్ధంగా పెట్టుకున్నాను. నీ మరిదిని అడుగు, నీ బావగారిని అడుగు, అందర్నీ అడుగు అని.

"థాంక్సక్కా" అని వెళ్ళిపోయింది.

నీ మరిది ఏమిటి, దానికి మరిది ఎవరున్నారు? మతి పోతోంది నాకు.

ఏప్రిల్ 5

థాంక్సట! అందులో ఏదో ఉంది.

మే 10

షెడ్డు తెరిచిన రోజు వచ్చింది, పోయింది.

షెడ్డు నిండా జనం. ఎప్పుడూ కిటికీ పక్క కూర్చునే ముసలాయన కూడా ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. అత్తగారు మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తాళంచెవి ఎదురుగా బల్ల మీద పెట్టారు.

ముందు నాది. ఒక గుక్క. "బాగుందే పెద్దదానా. ఎప్పట్లాగే ఉంది."

ఎప్పట్లాగే! ఇన్నేళ్ళు రెక్కలు ముక్కలు చేసుకుంటే చివరికి వచ్చిన బిరుదు అదీ.

తర్వాత దానిది, కాడ గ్లాసులో. ఆవిడ తాగారు. మళ్ళీ తాగారు. మూడో గుక్క కూడా తాగారు. నేను లెక్కపెట్టకుండా ఉండలేకపోయాను. ఆవిడ మొహం వికారంగా మారుతుందని ఎదురుచూసిన మాట నిజం. గ్లాసు ఖాళీ అయింది.

"చుట్టం లోపలికొచ్చి కూర్చున్నాడే" అన్నారు. గొంతు కూడా మారింది. "మొదట వైన్, చివర బీరు. మధ్యలో అతుకెక్కడుందో తెలీడంలేదు. ఆ చివరి చేదు ఎలా తెచ్చావే చిన్నదానా?"

ద్రాక్షమ్మ తల తిప్పి నావైపు చూసింది. అందరి మధ్యా, అంతసేపూ, నన్నే చూసింది. నేను బల్ల మీది తాళంచెవిని చూశాను. ఆ చేదు నాది అనాలి. రెండే మాటలు. కానీ నాది అంటే, ఎందుకు పోశావే అని అడుగుతారు. ఎందుకు పోశానని చెప్పను?

"అదే వచ్చింది అత్తయ్యా" అంది.

అదే వచ్చిందట! నాలుగు పీపాలు, వారం వారం, మూడోదానికి ఒక పాలు, రెండోదానికి ఒక పాలు, అదే నడుచుకుంటూ వచ్చిందట!

తాళంచెవి దాని చేతిలో పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

మే 11

దొంగముండ.

మే 19

కౌంటర్. రోజంతా నిలబడితే కాళ్ళు పీకుతున్నాయి. గది తలుపు నా వీపు వెనకే ఉంటుంది. లోపల మాల్టు ఉడికితే వాసన ఇటే వస్తుంది. ఈ రోజు ఒక నిమిషం ఎక్కువ మరిగించింది, నాకు ఇక్కడికే తెలిసింది. చెప్పలేదు.

జూన్ 3

అందరికీ అదే కావాలి. "ఆ ద్రాక్ష బీరు పొయ్యండి, కాడ గ్లాసులో." కిటికీ పక్క ముసలాయన కూడా మారిపోయాడు, ద్రోహి. ఈ రోజు ఒకడు పక్కనున్న పెళ్ళానికి వివరిస్తున్నాడు: "చివర్లో చూడు, ఆ చేదే దీనికి ప్రాణం."

గ్లాసులు కడుగుతుంటే ఒకటి విరిగింది. కాడ దగ్గరికి పుటుక్కున విరిగింది. నేను విరగ్గొట్టలేదు.

జూన్ 21

ఆ నాలుగు పీపాలూ అయిపోయాయి. చివరి గ్లాసు నేనే తాగాను. ఒంటరిగా, మధ్యాహ్నం, షట్టరు సగం దించి తాగాను.

బాగుంది. చాలా బాగుంది. ఇక్కడ ఎవరున్నారు గనక దాచుకోవడానికి? నా చేదు ఇంత బాగుంటుందని నాకే తెలీదు. దాని వగరు పట్టుకుంటేనే నిలబడింది.

ఏడుపొచ్చింది. బీరు తాగి ఏడ్చేవాళ్ళంటే నాకు అసహ్యం.

ఆగస్టు 17

రెండో విడత పీపాలు విప్పారు. అత్తగారు ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టారు.

"చుట్టం మళ్ళీ గుమ్మం దగ్గరే ఆగిపోయాడే" అన్నారు.

చంకలు గుద్దుకోవాల్సింది నేను. గుద్దుకున్నాను కూడా, కాసేపు. తర్వాత ఎందుకో ఆ సరదా తగ్గిపోయింది.

ఆగస్టు 20

కౌంటర్ దగ్గరికి వచ్చింది. జనం లేరు. రెండు మామూలు గ్లాసులు తెచ్చింది, కాడలు లేనివి. రెండో విడత బీరు పోసి ఒకటి నాముందుకి తోసింది.

"తాగక్కా."

తాగాను. వగరు, ఆ తర్వాత చేదు, రెండూ కొట్టుకు చస్తున్నాయి.

"ట్యాంకుల్లో మిగిలిన నీ బీరే పోశాను" అంది. "కొత్త ట్యాంకుది పోసి చూశాను, పాతదీ పోసి చూశాను. కుదర్లేదు. ఎంత పోశావు? ఎప్పుడు పోశావు?"

"నేనేం పోశాను? అదే వచ్చిందన్నావుగా!"

"ఏప్రిల్లోనే తెలుసు నాకు. మొదటి గుక్కకే తెలిసింది. ఆ చేదు ఈ ఊళ్ళో ఇంకెవరికీ రాదు."

"తెలిసీ తాళంచెవి తీసుకున్నావన్నమాట! సిగ్గులేదూ నీకు?"

"నువ్వు నోరు తెరుస్తావని చూశాను. అందరిముందూ నీ మొహమే చూశాను. ఒక్కమాట అనుంటే అక్కడే నీ చేతిలో పెట్టేదాన్ని."

"మరి నువ్వే చెప్పి ఏడవచ్చుగా! నోట్లో నాలుక లేదా?"

"ఏమని చెప్పను?" దాని గొంతు పెరిగింది. దానికి కోపం రావడం నేను చూడటం ఇదే మొదటిసారి. "అక్క నా బీరు నిలబెట్టిందని చెప్పనా? అక్క నా బీరు పాడుచెయ్యబోయిందని చెప్పనా? ఏది నిజమో నాకు తెలీదు. ఇప్పటికీ తెలీదు. నువ్వు చెప్పు. ఎందుకు పోశావు?"

నేను గుడ్డ తీసుకుని కౌంటర్ తుడిచాను. తుడిచిన చోటే తుడిచాను. అది కదల్లేదు.

"చిన్న పీపా మీ బావగారు పారబోశారు" అన్నాను.

"అది కాదు నేనడిగింది."

"నాకు తెలీదు" అన్నాను. అరిచాననుకుంటాను. "తెలీదే! పాడుచేద్దామనే వెళ్ళాను. వెళ్ళాక చెయ్యి ఊరుకోలేదు."

అది నేను మిగల్చిన గ్లాసు తీసుకుని తాగేసింది, మొహం చిట్లించింది. జేబులోంచి తాళంచెవి తీసి కౌంటర్ మీద, మా ఇద్దరికీ మధ్య పెట్టింది.

"రేపు శుక్రవారం. పీపాలు నింపాలి. వస్తావా?"

"ఒక గదిలో ఇద్దరాడవాళ్ళు వద్దన్నారు అత్తగారు."

"ఆవిడ వాళ్ళ అత్తతో చేసి చూశారు. నీతో చెయ్యలేదుగా."

అదే నవ్వు. ఇప్పటికీ నచ్చదు నాకు.

సరే అన్నాను.

అదే రోజు, మళ్ళీ

ఫిబ్రవరి పేజీలు తిప్పి చూశాను. పాడుచెయ్యాలనే నింపాను అని రాసి ఉంది. చేతిరాత నాదే.

ఆగస్టు 21, శుక్రవారం

పొద్దున్నే వెళ్ళాను. తాళం తీసే ఉంది.

అది మొదటి పీపా మీద కణుపుతో కొట్టి చెవి పెట్టింది. నేను అవతలివైపు చెవి పెట్టాను. ఇద్దరికీ ఒకటే వినబడింది.

"ఎంత?" అంది.

చెప్పలేదు. పోశాను.